రంగు పడని పేట

మార్చి 4

కళ్ళ డాక్టరుకి ఈసారి మెత్తగా చెప్పే ఓపిక కూడా లేకపోయింది. "ఈ ఏడాది దాటదమ్మా" అంది. అంచుల నుంచి మూసుకుంటూ వస్తున్న చెల్లి చూపు కనీసం మధ్యలోనైనా ఆగుతుందేమో అని అడిగాను. ఆగదు అని ఒక్క ముక్క. చెల్లి ఊరుకుంటుందా? "ఏడాదంటే ఈ డిసెంబరా, వచ్చే మార్చా?" అని కూరగాయల దగ్గర బేరమాడినట్టు అడిగింది. పాపం ఆ డాక్టరుకి నవ్వాలో వద్దో తెలియలేదు. నాన్న దీనికి కందిరీగ అని ఊరికే పెట్టలేదు పేరు.

వచ్చేముందు డాక్టరు ఒక మంచి మాట చెప్పింది, దాన్నే పట్టుకుని ఉన్నాను. కాస్తో కూస్తో కనబడుతున్నప్పుడే ఇంటినీ వీధినీ బాగా నేర్చుకుంటే, తర్వాత ఒక్కతే తిరగగలదట. పూర్తిగా పోయాక కొత్త చోటు నేర్చుకోవడం మహా కష్టమట. "మారని చోట ఉండండి" అంది.

మారని చోటు! మేముంటున్న ఇల్లు అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళకి అమ్ముడుపోయింది. వేసవి లోపు ఖాళీ చేయమన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మార్చి 6

చెల్లి పని చేసే లాండ్రీ ఆవిడ మంచిదే, కానీ మొహమాటం లేని మనిషి. "మడతలకీ మూటలకీ కళ్ళెందుకే, నీ చేతులు చాలు నాకు. కాకపోతే నువ్వే రావాలి, నువ్వే పోవాలి. ఎవరో తెచ్చి దింపితే, వాళ్ళు రాని రోజు నా కొట్టు ఆగిపోతుంది" అని చెల్లితో చెప్పిందట. న్యాయమే. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను, రాలేదు.

చెల్లి రాత్రి భోజనం దగ్గర అంది: "అక్కా, నన్ను చెయ్యి పట్టుకుని నడిపించే రోజు వస్తే మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసెయ్. బజార్లో ఊరేగించకు."

"నోరు ముయ్యవే" అన్నాను. మూసింది. అది నోరు మూయడం చూస్తేనే నాకు భయమేసింది.

కాబట్టి ఇల్లు కావాలి. లాండ్రీకి నడిచి వెళ్ళేంత దూరంలో. వీధులు మారని చోట. అంతే. ఇదేం పెద్ద కోరికా?

మార్చి 13

ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, అద్దెకి వెతికి చూడు అనలేదు ఎందుకో.

బ్రోకరు మొదట కొత్త లేఅవుట్‌కి తీసుకెళ్ళాడు. తిన్నటి రోడ్లు, వెడల్పాటి ఫుట్‌పాత్‌లు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. చెల్లి కూడా "ఇది బాగుందక్కా" అంది. నాకు మాత్రం ఆ రోడ్డు వద్దనిపించింది. ఎందుకంటే ఆ రోడ్డు కింద ఇంకా ఏమీ లేదని నాకు తెలుసు. వచ్చే ఏడాది నీళ్ళ పైపులు, ఆ మరుసటేడు మురుగు పైపులు. నీళ్ళ ఆఫీసులో పన్నెండేళ్ళుగా నా పని అదే కదా: నీలం రంగు డబ్బా పట్టుకుని, ఇక్కడ తవ్వండి, అక్కడ తవ్వండి అని రోడ్ల మీద గీతలు గీయడం. ఎక్కడ నా గీత పడిందో అక్కడ మూడు నెలల్లో గొయ్యి. పడిందంటే పడిందే.

"ఇది వద్దు" అన్నాను.

"ఏం, వాస్తు బాలేదా మేడమ్?" అన్నాడు బ్రోకరు.

"గొయ్యి బాలేదు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. చెల్లికి అయింది, పగలబడి నవ్వింది.

మార్చి 16

బజారు వెనక ఇల్లు. వద్దు. బళ్ళు పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట.

మార్చి 20

బస్ డిపో పక్క వీధి. ఇల్లు బానే ఉంది. మూడేళ్ళలో అక్కడ పెద్ద పైపు మార్చాలి. గీతలు గీయాల్సింది నేనే.

మార్చి 24

ఇవాళ పోట్లాడుకున్నాం. "ఎన్ని చూస్తావక్కా? నాకు కనిపించేదే ఇంత" అని వేళ్ళు గుండ్రంగా చేసి కంటి దగ్గర పెట్టుకుని చూపించింది, "ఈ కాస్తా ఇళ్ళు చూడ్డానికే అయిపోయేట్టుంది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి? ఏదో ఒకటి తీసుకో, నేర్చుకుంటాను."

ఏదో ఒకటి అంటే ఎలా? నేర్చుకున్నాక తవ్వేస్తే? దాని కళ్ళు మళ్ళీ వస్తాయా నేర్చుకోడానికి?

మార్చి 27

నాకెంత ఆలస్యంగా వెలుగుతుందో బుర్ర! ఆఫీసు గోడ మీద ఊరి మ్యాపు ఉంది. రోజూ దాని ముందే కూర్చుని టీ తాగుతాను. రాబోయే అయిదేళ్ళలో ఎక్కడెక్కడ తవ్వుతామో అన్నీ రంగుల్లో ఉంటాయి: ఈ ఏడాది నీలం, వచ్చే ఏడాది పసుపు, అలా. ఊరు పెరుగుతోంది కదా, మ్యాపు మొత్తం పిల్లలు రంగులు ఒలకబోసినట్టే ఉంటుంది. ఇవాళ టీ పట్టుకుని లాండ్రీ చుట్టూ వేలితో తిరిగాను. పాత మిల్లు వెనక పేట ఒక్కటే తెల్లగా ఉంది. ఒక్క చుక్క రంగు లేదు! అయిదేళ్ళ దాకా ఎవడూ గడ్డపార వెయ్యడు.

టీ చల్లారిపోయింది. చల్లారినా తాగాను, అమృతంలా ఉంది.

మార్చి 31

మిల్లు వెనక పేటలో ఇల్లు దొరికింది. చిన్న చిన్న పెంకుటిళ్ళు, మూడడుగుల అరుగులు, ఎప్పటివో గేట్లు. మిల్లు మూతపడి చాలా కాలమైంది గానీ దాని ప్రహరీ గోడ మాత్రం చెక్కుచెదరలేదు. పేట మొదట్నుంచి మెయిన్ రోడ్డు దాకా ఒకటే గోడ. ఆ గోడ పట్టుకుని నడిస్తే కళ్ళున్నవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని లాండ్రీకి చేరొచ్చు.

ఇంటాయన పెద్దాయన, పక్క వాటాలో ఒక్కడే ఉంటాడు. నేను నీళ్ళ ఆఫీసులో పని చేస్తానంటే నా మొహంలోకి ఒకసారి చూసి, "అయితే మీకు నేను చెప్పేదేముందమ్మా, ఉన్నన్నాళ్ళు ఉండండి" అన్నాడు. అడ్వాన్సు అడగలేదు, ఎన్నాళ్ళుంటారు అని అడగలేదు. ఈ రోజుల్లో ఇలాంటి ఇంటి ఓనరా! బ్రోకరే నోరెళ్ళబెట్టాడు.

చెల్లి గోడని అరచేత్తో ఇటూ అటూ రాసి, "గరుకుగా ఉంది, మా అక్క మాటల్లాగా" అంది.

ఏప్రిల్ 18

సామాను సర్దడం అయింది. కుర్చీలు గోడకి ఆనించేశాం, ఇక వాటిని జరిపితే చంపేస్తానని నన్ను బెదిరించింది. నిన్న మంచినీళ్ళ బిందె ఒక జానెడు ఇటు పెట్టానని అరగంట తిట్టింది. తిట్టనీ. హాయిగా ఉంది.

మే 9

రోజూ సాయంత్రం ఇద్దరం దారి నేర్చుకుంటున్నాం. నాకు రోడ్డంటే కింద ఏ పైపు ఉంది, ఎంత లోతులో ఉంది అన్నదే. దీనికి రోడ్డంటే వేరే. గేటు దాటగానే వాలు, వాలు చివర కాలవ మీద ఇనుప జల్లెడ, అది టంగుమంటే కుడికి తిరగాలి. తర్వాత బేకరీ వాసన. బేకరీ సెలవైతే ఎలాగే అంటే, "అందుకే గోడ" అంటుంది. గోడలో ఒకచోట ఇటుక ఊడి గుంట పడింది. అక్కడ చెయ్యి పడితే సగం దూరం వచ్చినట్టట. ఆ గుంటకి "సగం" అని పేరు పెట్టింది.

నిన్న కాసేపు కళ్ళకి గుడ్డ కట్టుకుని నడిచింది. దారిలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు. "పాపం మా అక్కండీ, వెనక నడవలేక చస్తోంది" అంది.

జూన్ 21

ఈ రోజు పొద్దున బీరువా ముందు నిలబడి, చేతిలో ఉన్న చీర రంగేమిటని నన్ను అడిగింది. ఆకుపచ్చ అన్నాను. "ముదురా, లేతా?" అంది.  లేత అన్నాను.

జూన్ 22

లేత కాదు, ముదురు. కంగారులో తప్పు చెప్పాను. ఇప్పుడు దిద్దితే ఏం లాభం.

జూలై 15

వెళ్ళింది! ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే వచ్చింది!

పొద్దున దానికి తెలియకుండా వెనకాలే వెళ్ళాను, చాలా దూరంగా. తెల్ల కర్ర కుడి చేతిలో, ఎడమ చెయ్యి గోడ మీద. జల్లెడ టంగుమంది, తిరిగింది. "సగం" దగ్గర ఆగి గుంటని రెండుసార్లు తట్టింది, ఎవరినో పలకరించినట్టు. మెయిన్ రోడ్డు దగ్గర వెనక్కి తిరగకుండానే, "అక్కా, ఆ చెప్పులు మార్చు, సందంతా వినిపిస్తున్నాయి. ఇక ఆఫీసుకి పో" అని అరిచింది. రోడ్డు మీద వాళ్ళంతా నన్నే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసులో రోజంతా ఎవరేమన్నా నవ్వుతూనే ఉన్నాను. సూపర్‌వైజరు, "ఏంటమ్మా, ప్రమోషనా?" అన్నాడు.

దేవుడున్నాడని కాదు గానీ, మ్యాపుంది.

ఆగస్టు 12

ఇవాళ సూపర్‌వైజరు నాకు పని అప్పగించాడు. మిల్లు వెనక పేటలో నీళ్ళ కనెక్షన్లన్నీ మూసెయ్యాలి. ఏ ఇంటి ముందు ఎక్కడ మూయాలో గుర్తులు పెట్టాలి.

తప్పు విన్నాననుకున్నాను. "ఆ పేటలో మనకి పనే లేదు కదా సర్? అయిదేళ్ళ దాకా ఒక్క పైపు లేదు."

"పోయే పేటకి పైపులెందుకమ్మా?" అన్నాడు. ఫైలు నుంచి తలెత్తకుండా అన్నాడు. "ఆ పేట మీంచే బైపాస్ రోడ్డు పోతోంది. రోడ్లవాళ్ళు ఎప్పుడో చెప్పారు. అందుకే కదా మనం అటువైపు ఏమీ వెయ్యనిది."

పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళు ఆ మ్యాపు ముందు టీ తాగాను. రంగు ఉంటే తవ్వుతారని తెలుసు. రంగు లేకపోతే ఎందుకు లేదో ఏ రోజూ అడగలేదు. తెల్లగా ఉంటే క్షేమం అనుకున్నాను. ఊరంతటినీ జల్లెడ పట్టి, కూలిపోయే పేట ఒక్కటి ఉంటే, ఏరికోరి అక్కడికే దాన్ని తీసుకొచ్చాను.

ఆగస్టు 13

పెద్దాయన్ని అడిగాను. గట్టిగానే అడిగాను. "తెలిసే ఇచ్చారా మాకు?"

ఆయన తెల్లబోయాడు. "నీళ్ళ ఆఫీసన్నావు కదమ్మా. నాకంటే నీకే ముందు తెలిసుంటుంది, కొన్నాళ్ళకే కదా అని వచ్చావనుకున్నాను. అందుకే అడ్వాన్సు కూడా అడగలేదు."

ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. తిట్టుకోడానికి ఇద్దరికీ ఏమీ దొరకలేదు. ఆయనకి ఇది పుట్టిన ఇల్లు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. చెల్లితో ఏమీ అనొద్దని బతిమాలుకున్నాను. "నువ్వు చెప్తావా?" అన్నాడు. చెప్తానన్నాను.

ఆగస్టు 14

చెప్పలేదు. లాండ్రీ ఆవిడ జీతం పెంచిందని చెల్లి ఎగురుకుంటూ వచ్చింది. ఇవాళ ఒక్క రోజు పోనీ.

ఆగస్టు 17

చెప్పలేదు.

ఆగస్టు 20

మా వీధిలో ఇళ్ళ ముందు గుర్తులు పెట్టాను. నీలం గీత, అడ్డంగా ఇంకో గీత. మా గుమ్మం ముందు కూడా పెట్టాను. సాయంత్రం చెల్లి వచ్చి, "రంగు వాసనేంటక్కా?" అంది. దీని ముక్కు తగలెయ్య.

"రోడ్డు పని" అన్నాను.

"మీ ఆఫీసు వాళ్ళేనా? అయిదేళ్ళ దాకా తవ్వరన్నావు?"

"చిన్న రిపేరులే. రెండు రోజుల్లో అయిపోతుంది."

"సరే" అంది. నా మాట అంటే దానికి అంత నమ్మకం. ఎదురింటివాళ్ళు లారీలో సామాను ఎక్కిస్తుంటే కూడా, "బదిలీ అయ్యుంటుంది" అని తనే సర్దిచెప్పుకుంది.

రోడ్లవాళ్ళు ముందు మిల్లు గోడతో మొదలుపెడతారట. ఈ నెలాఖరు అన్నారు. వాళ్ళ పనులు ఎప్పుడు టైముకి జరిగాయి గనక? ఇంకో ఇల్లు చూసి, అన్నీ సిద్ధం చేసి, అప్పుడు చెప్తే దెబ్బ తక్కువ తగులుతుంది. ఉత్త చేతులతో వెళ్ళి చెప్పడం ఎందుకు? ఒక వారం ఆగితే ఏం కొంప మునగదు.

ఆగస్టు 27

రేపు చెప్తాను. ఖాయం.

ఆగస్టు 28

మధ్యాహ్నం స్టేషన్ రోడ్డులో పైపు పగిలింది. అక్కడే ఉండిపోయాను. మిల్లు గోడకి మెషిన్లు వచ్చాయని నా వెంట రంగు డబ్బా మోసే మనిషి చెప్పాడు. చెల్లి కొట్టు మూసే వేళకి నేనే వెళ్ళి తీసుకొద్దామనుకున్నాను. ఏ వంకైనా చెప్పొచ్చు, దారిలో చెప్పేయొచ్చు అనుకున్నాను. మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాను. ఫోన్ ఆఫీసు బ్యాగులో ఎక్కడో ఉంది.

ఇంటికొచ్చేసరికి చెల్లి లేదు. గోడా లేదు. అంత పొడుగు గోడ, ఒక్క పూటలో. లోపలివైపుకి పడగొట్టి ఊడ్చేసినట్టు చేశారు. ఫుట్‌పాత్ మీద రాయి ముక్క కూడా లేదు.

చీకటి పడుతుంటే ఎవరో వాచ్‌మన్ దాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. డిపో వెనక దొరికిందట. చీర కుచ్చిళ్ళు మట్టి, మోచెయ్యి గీరుకుపోయింది. తెల్ల కర్ర చంకలో పెట్టుకుంది. వాచ్‌మన్‌కి థాంక్స్ చెప్పింది, కూర్చుంది, నీళ్ళు అడిగింది.

"దారి తప్పానక్కా" అంది. "కొట్టు నుంచి ఎటు తిరిగానో ఏమో, గోడ దొరకలేదు. చెయ్యి చాపితే గాలి. దుమ్ము వాసన. ఇది మన వీధి కాదు, ఏదో కొత్త చోటికి వచ్చేశాననుకుని వెనక్కి తిరిగాను. తిరిగిన కొద్దీ అంతా కొత్తగానే ఉంది. నాదే పొరపాటు. ఏదో ఆలోచిస్తూ నడిచుంటాను."

అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చింది.

"పోనీలేవే, ఒక్కోసారి అవుతుంది" అన్నాను.

ఆగస్టు 29

పనికి వెళ్ళలేదు. నేను సెలవు పెడతానంటే వద్దంది. వంటింట్లోంచి గుమ్మం దాకా గోడలు తడుముకుంటూ నాలుగైదుసార్లు తిరిగింది. ఏం చేస్తున్నావే అంటే, "ఇదైనా గుర్తుందో లేదో చూసుకుంటున్నాను" అంది.

ఆగస్టు 31

చెప్పాను.

సాయంత్రం ఇంటికి రాగానే తనే ముందు అంది: "లాండ్రీ ఆవిడకి ఫోన్ చేశానక్కా. ఇక రానని చెప్పాను. నా బుర్రకి దారి పట్టడం లేదు. మొన్న డిపో వెనక తేలాను, రేపు లారీ కింద తేలతాను. ఆవిడ మంచిది, వెంటనే ఇంకో అమ్మాయిని పెట్టుకోమన్నాను."

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. మ్యాపు, తెల్లటి చోటు, బైపాస్, గుమ్మం ముందు నేనే గీసిన గీతలు, గోడ. నువ్వు తప్పలేదే, నువ్వు సరిగ్గానే వచ్చావు, గోడే లేదు అన్నాను. అరిచాననుకుంటా.

అది అరుస్తుందని చూశాను. కుడుతుందని చూశాను, కందిరీగ కదా. కొంగు అంచులు కలిపి మడత పెట్టింది, మళ్ళీ విప్పింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పన్నెండో తారీకు."

"గోడ పోతుందని ఒక్క మాట చెప్తే కర్రతో ఫుట్‌పాత్ అంచు పట్టుకుని వచ్చేసేదాన్ని కదక్కా" అంది. కోపంగా కాదు. బట్టల మీద మరక ఎలా పడిందో ఆలోచిస్తున్నట్టు అంది. "అది కూడా నేర్చుకున్నాను, గోడ తడిగా ఉన్న రోజుల కోసం. నాకు మతిపోయిందేమో అనుకున్నాను. డిపో వెనక కూర్చుని ఏడ్చాను. ఇంత బాగా నేర్చుకున్నది కూడా పోయిందంటే ఇక నాలో ఏం మిగిలిందని ఏడ్చాను."

లాండ్రీ ఆవిడతో మాట్లాడతానన్నాను. వద్దంది. కొత్త చోట నేర్చుకుందాం, నేను రోజూ వస్తాను అన్నాను.

"నువ్వు చెప్పిందే కదా నేను నేర్చుకునేది" అంది. అంతే. లేచి వెళ్ళి పడుకుంది.

సెప్టెంబరు 3

లాండ్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను, అది వద్దన్నా సరే. కౌంటరు వెనక కొత్త అమ్మాయి మడతలు పెడుతోంది. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "తనే వద్దందమ్మా. నేను ఎంతో చెప్పాను, వినలేదు" అంది. చెల్లి మడిచిన కట్టల్లో ఇంకా రెండు మిగిలాయట, చూపించింది. అంచులు భలే కలిశాయి.

సెప్టెంబరు 10

పెద్దాయన వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు చెల్లి తల మీద చెయ్యి పెట్టాడు.

సెప్టెంబరు 14

బ్రోకరు రెండు పేటలు చూపించాడు. ఏది కావాలే అని ఇంటికొచ్చి అడిగాను. నీకు ఏది వీలైతే అది అంది. ఒకటి రోడ్డు పక్క, ఒకటి లోపలి సందు అన్నాను. సరే అంది. రెండింటికీ సరే అంది. పోట్లాడవే, ఒక్కసారి పోట్లాడు అని అడగాలనిపించింది.

ఏ పేటయితేనేం? ఈసారి మ్యాపు చూడలేదు. నా ఆఫీసుకి దగ్గరగా ఉన్నది తీసుకున్నాను, మధ్యాహ్నం వచ్చి అన్నం పెట్టి వెళ్ళొచ్చని.

సెప్టెంబరు 21

ఇల్లు మారాం. నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది. కుర్చీలు ఎక్కడ పెట్టమంటావే అంటే, ఎక్కడైనా పెట్టు అంది. దాని చెయ్యి తీసుకెళ్ళి గుమ్మం పక్క గోడ మీద పెట్టాను. "ఇదిగో ఇక్కడ స్విచ్చులు, ఇటు నాలుగడుగులేస్తే వంటిల్లు, చూడు, ఒకసారి నువ్వే నడిచి చూడు" అన్నాను. హుషారుగా అన్నాను, చిన్నపిల్లకి చెప్పినట్టు.

గోడ మీంచి చెయ్యి తీసేసింది.

"ఎందుకక్కా, నువ్వున్నావు కదా" అంది. దాహంగా ఉందని వంటింట్లోకి తీసుకెళ్ళమంది. నేను ఎటు నిలబడ్డానో తెలియక నాకు కాస్త ఎడంగా, గాల్లోకి, చెయ్యి చాపింది.